గజ్జికి పూతమందా, మాత్రా? గదిలో అందరికీ ఒకే రోజు

(వార్షిక సమావేశంలో ఆరోగ్య బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి జీతాల బకాయిల గురించి, అకామా రెన్యువల్ గురించి, విమానం టికెట్ల గురించి విన్నాం. అవన్నీ పెద్ద విషయాలు. మేము మాట్లాడబోయేది చాలా చిన్నదాని గురించి. ఎంత చిన్నదంటే, మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అది గజ్జి పురుగు. కంటికి ఆనదు గాని మనిషిని రాత్రంతా పడుకోనివ్వదు. నిద్ర లేనివాడే తెల్లవారుజామున బస్సెక్కాలి, ఎండలో పరంజా మీద నిలబడి పని చేయాలి. కాలు జారితే ఏమవుతుందో మీకు మేము చెప్పక్కర్లేదు. అందుకే దీన్ని చిన్న విషయం అనుకోవద్దని మొదటే మనవి చేసుకుంటున్నాం.

ఇంకో మాట. గజ్జి అనగానే తల దించుకుంటాం. స్నానం చేయనివాడికే వస్తుందని చిన్నప్పటి నుంచి విని ఉన్నాం. అది నిజం కాదు. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాడికీ వస్తుంది. ప్రపంచంలో ఏ రోజు లెక్క తీసినా 20 కోట్ల మందికి పైగా దీనితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2017లో ఆ సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. ఇది మురికి వల్ల వచ్చే జబ్బు కాదు, ఇరుకు వల్ల వచ్చే జబ్బు. ఒక గదిలో ఎనిమిది మంది, పది మంది పడుకుంటే దానికి దారి తెరిచినట్టే. ఆ ఇరుకు మనం కోరుకున్నది కాదు కదా. మరి సిగ్గు మనకెందుకు?

ముందు గుర్తుపట్టాలి

మన క్యాంపుల్లో దురద అంటే నాలుగైదు రకాలు. ఎండకు వచ్చే చెమటకాయలు వీపు మీద, మెడ మీద, ఛాతీ మీద ఎర్రగా వస్తాయి, చల్లబడితే తగ్గుతాయి. నల్లి కాట్లు బట్ట కప్పని చోట, చేతుల మీదా మెడ మీదా, ఒక్కోసారి వరసగా కనిపిస్తాయి. పరుపు కుట్టు విప్పి చూస్తే నల్లి దొరుకుతుంది. తామర గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో కాస్త మానినట్టు ఉంటుంది.

గజ్జి తీరు వేరు. దురద రాత్రి పూట, దుప్పటి కప్పుకొని ఒళ్లు వెచ్చబడ్డాక ఎక్కువవుతుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర, చంకల్లో, బెల్టు కట్టే చోట, బొడ్డు చుట్టూ, పిరుదుల మీద, మర్మాంగాల మీద చిన్న చిన్న పొక్కులు వస్తాయి. ఆడవాళ్లకు రొమ్ముల దగ్గర కూడా వస్తాయి. జాగ్రత్తగా చూస్తే పొక్కు పక్కన వెంట్రుకలాంటి సన్నని గీత కనబడొచ్చు. అది పురుగు తవ్వుకున్న సొరంగం. ఆడ పురుగు ఆ సొరంగంలో రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో అవి పొదుగుతాయి. రెండు వారాలు తిరిగేసరికి పిల్ల పురుగులు పెద్దవవుతాయి. మందు ఎందుకు రెండుసార్లు వాడాలో ఈ లెక్కలోనే ఉంది, కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి.

అన్నిటికంటే గట్టి గుర్తు ఇంకొకటి. గదిలో ఒక్కడే గోక్కుంటుంటే అది చాలా రకాల దురదల్లో ఏదైనా కావచ్చు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు రాత్రి పూట గోక్కుంటున్నారంటే ముందు గజ్జినే అనుమానించాలి.

పూతమందు కథ

గజ్జికి రెండు దారులున్నాయి. ఒకటి ఒంటికి పూసేది, రెండోది మింగేది. పూసేవాటిలో ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసేది 5 శాతం పర్మెత్రిన్ క్రీము. అది పురుగు నరాల మీద పని చేసి చంపుతుంది, గుడ్ల మీద కూడా పని చేస్తుంది. రెండు నెలలు దాటిన పసిపిల్లల నుంచి గర్భిణుల దాకా వాడదగ్గది. కొంచెం మంట, చురచుర తప్ప పెద్ద ఇబ్బంది ఉండదు.

చిక్కంతా రాసుకునే తీరులో వస్తుంది. మనవాళ్లు పొక్కులున్న చోట మాత్రం రాసి ఊరుకుంటారు. అది పూర్తిగా తప్పు. పొక్కు లేని చోట పురుగు లేదని ఎవరు చెప్పారు? మెడ నుంచి అరికాలి దాకా ఒక్క వేలెడు చోటు కూడా వదలకుండా రాయాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు లోపల, చంకలు, పిరుదుల మధ్య, మర్మాంగాలు, కాలి వేళ్ల మధ్య అన్నీ రాయాలి. చిన్నపిల్లలకూ వయసు మళ్లినవాళ్లకూ అయితే తలకు కూడా రాయమంటారు. పెద్దమనిషికి ఒకసారికి సుమారు 30 గ్రాముల ట్యూబు పడుతుంది. 8 నుంచి 14 గంటలు ఒంటి మీద ఉండాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే మళ్లీ చేతులకు రాసుకోవాలి. వారం తర్వాత ఇదంతా ఇంకోసారి చేయాలి.

ఇప్పుడు మన బతుకులో పెట్టి చూడండి. రాత్రి తొమ్మిదికి వంట, పదింటికి స్నానం, తెల్లవారి నాలుగింటికి లేవడం. అంటే ఆరు గంటలే. ఎనిమిది గంటలు నిండకుండానే స్నానం చేసి పోతే మందు సగమే పని చేసినట్టు. పైగా వీపుకు ఎవరు రాయాలి? సిగ్గుపడి ఎవర్నీ అడగం, చెయ్యి అందినంత మేర రాసుకుంటాం. అందని చోట పురుగు హాయిగా ఉంటుంది. ‘క్రీము వాడాం, తగ్గలేదు’ అని మా దగ్గరకు వచ్చినవాళ్లలో ఎక్కువమందిని తరచి అడిగితే తేలేది ఇదే. మందు పని చేయని సందర్భాలు కూడా ఉంటాయి. కానీ ముందు రాసుకున్న తీరును చూసుకోవాలి.

పాత పూతమందులూ ఉన్నాయి. బెంజైల్ బెంజోయేట్ లోషన్ పని చేస్తుంది గాని మంట ఎక్కువ. గంధకం కలిపిన లేపనం తరతరాల నుంచి ఉన్నదే. అది వాసన వేస్తుంది, వరసగా కొన్ని రాత్రులు రాయాలి, కానీ గర్భిణులకూ పసిపిల్లలకూ ఇవ్వదగ్గది. గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అని ఊళ్లో ఒకప్పుడు ఇచ్చేవారు. అది నరాలకు హాని చేయగలదు. పాత సీసా ఏదైనా ఇంటి నుంచి తెచ్చుకొని ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

మాత్ర కథ

మింగే మందు పేరు ఐవర్‌మెక్టిన్. ఈ మందుకు మూలమైన పదార్థాన్ని కనుగొన్నందుకు జపాన్‌కు చెందిన సతోషి ఒమురాకు, విలియం క్యాంప్‌బెల్‌కు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆఫ్రికాలో నది పక్క ఊళ్లలో మనుషుల్ని గుడ్డివాళ్లను చేసే జబ్బుకు ఇది కోట్ల మందికి ఇచ్చిన మందు. గజ్జికి కూడా దీన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మోతాదు మనిషి బరువును బట్టి ఉంటుంది. కిలోకు 200 మైక్రోగ్రాములు. అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, 75 కిలోల మనిషికి 15 మిల్లీగ్రాములు. అన్నం తిన్నాక వేసుకోవాలి. 7 నుంచి 14 రోజుల మధ్య రెండోసారి వేసుకోవాలి. ఈ రెండో మోతాదు ఎందుకో బాగా వినండి. ఐవర్‌మెక్టిన్ పురుగును చంపుతుంది గాని గుడ్డును చంపదు. ఒంట్లో ఎక్కువ రోజులు నిలవదు కూడా. మొదటి మాత్ర నాడు గుడ్డులో ఉన్నది తర్వాత బయటికొస్తుంది. అది పెరిగి మళ్లీ గుడ్లు పెట్టేలోపు రెండో దెబ్బ పడాలి. మొదటి మాత్రతో హాయిగా ఉందని రెండోది మానేసినవాడు నెల తిరక్కుండా మళ్లీ గోక్కుంటాడు.

మాత్ర అందరికీ కాదు. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు. పాలిచ్చే తల్లులు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, వేరే జబ్బులకు రోజూ మందులు మింగేవాళ్లు డాక్టర్‌కు ఆ మాట తప్పకుండా చెప్పాలి. కొందరికి తలనొప్పి, తల తిరగడం, వికారం వస్తాయి. అందుకే ఎత్తు మీద పని చేసేవాళ్లు, బండి నడిపేవాళ్లు డ్యూటీకి ముందు కాకుండా సెలవుకు ముందు రాత్రి వేసుకోవడం మేలు.

ఒక హెచ్చరిక. పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వేరు, మనుషుల మాత్ర వేరు. మజ్రాల్లో గొర్రెలు, ఒంటెలు కాసే తమ్ముళ్ల చేతికి ఆ సీసాలు సులువుగా అందుతాయి. ఎట్టి పరిస్థితుల్లోనూ వాటిని తాగొద్దు, ఒంటికి ఎక్కించుకోవద్దు. వాటి మోతాదు మనుషుల కోసం తయారు చేసింది కాదు.

మరి ఏది మంచిది?

అందరూ అడిగేది ఇదే. ఒక మనిషిని ఒంటరిగా తీసుకొని చూస్తే రెండూ మంచివే. ఈ రెంటినీ పోల్చిన పరీక్షలన్నిటినీ కలిపి 2018లో కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. దాని ప్రకారం మొదటి వారంలో క్రీమే ముందుంటుంది. క్రీముతో 100 మందిలో 65 మందికి తగ్గే చోట ఒక్క మోతాదు మాత్రతో 43 మందికి తగ్గింది. రెండో వారానికి ఆ తేడా చాలా వరకు చెరిగిపోయింది, 74కి 68. నాలుగు వారాలకు చూస్తే పెద్ద తేడా లేదు. అంటే క్రీము కాస్త వేగం, మాత్ర కాస్త నిదానం, రెండూ గమ్యం చేరతాయి.

ఊరంతటికీ గజ్జి ఉన్నప్పుడు లెక్క మారుతుంది. పసిఫిక్ సముద్రంలో ఫిజీ అనే దీవుల దేశం ఉంది, మన తెలుగువాళ్లు కూడా ఒకప్పుడు చెరకు తోటల కూలికి ఓడల్లో వెళ్లిన చోటు. అక్కడి చిన్న దీవుల్లో 2 వేల మందికి పైగా జనం మీద ఒక పరీక్ష చేశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఒక చోట గజ్జి ఉన్నవాళ్లకూ, వాళ్లను తాకి మెలిగేవాళ్లకూ మాత్రమే క్రీము ఇచ్చారు. రెండో చోట జబ్బు ఉన్నా లేకున్నా అందరికీ క్రీము ఇచ్చారు. మూడో చోట అందరికీ మాత్ర ఇచ్చారు, మాత్ర పడనివాళ్లకు మాత్రం క్రీము. ఏడాది తర్వాత మళ్లీ చూశారు. మొదటి చోట 100 మందిలో సుమారు 37 మందికి ఉన్న గజ్జి 19కి దిగింది. రెండో చోట సుమారు 42 నుంచి 16కి దిగింది. మూడో చోట 32 నుంచి 2కి పడిపోయింది.

ఈ లెక్కలో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, జబ్బున్నవాడికి మాత్రమే మందు ఇస్తే సగం కూడా తీరదు, అందరికీ ఇవ్వాలి. రెండు, చాలామందికి ఒకేసారి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్ర గెలిచింది. ఎందుకంటే మాత్ర ఎదుట నిలబడి మింగిస్తే పని అయిపోయినట్టే. క్రీము ఎవరు ఎంత రాశారో, ఎక్కడ వదిలేశారో ఎవరికి తెలుసు?

ఇంక మన క్యాంపు గది సంగతి చూడండి. ఎనిమిది మంది ఉన్న గదికి రెండు విడతల క్రీమంటే 16 ట్యూబులు. ఎనిమిది వీపులకు రెండుసార్లు పూత. అదే మాత్ర అయితే అన్నం తిన్నాక రెండు రాత్రులతో పని పూర్తి. గది గదంతా అంటుకున్నప్పుడు మాత్రతో వైద్యం చేయొచ్చా అని డాక్టర్‌ను అడగడం మన హక్కు. ఇంట్లో పిల్లలున్నచోట, గర్భిణులున్నచోట క్రీమే దారి. ఒంటినిండా మందంగా పొలుసులు కట్టిన గజ్జి ఉంటే మాత్రం రెండూ కలిపి, ఎక్కువ విడతలు, డాక్టర్ కంటి ముందే వాడాలి. మామూలు గజ్జిలో ఒంటి మీద 10, 15 పురుగులే ఉంటాయి. ఆ రకంలో వేలూ లక్షలూ ఉంటాయి. ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు అది వస్తుంది.

‘నాకు దురద లేదు, నాకెందుకు?’

ప్రతి గదిలో ఈ మాట అనే అన్న ఒకడుంటాడు. ఆయనకు ఇలా చెప్పండి. మొదటిసారి గజ్జి పట్టినవాడికి దురద వెంటనే రాదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ నెలా నెలన్నరా ఆయన గోక్కోడు గాని పక్కవాడికి అంటిస్తాడు. ఈ రోజు ఏడుగురు మందు వాడి, ఆయన ఒక్కడు వాడకపోతే ఏడుగురి ఖర్చూ వృథా. అందుకే గదిలో అందరూ ఒకే రోజు వాడాలి. డే డ్యూటీవాడు లేచిన మంచంలో నైట్ డ్యూటీవాడు పడుకునే చోట్ల ఆ ఇద్దర్నీ కలిపే లెక్క పెట్టండి.

పద్ధతి ఇలా పెట్టుకోండి. సెలవుకు ముందు రాత్రి ఎంచుకోండి. ఆ రోజు అందరూ గోళ్లు తీసుకోండి. స్నానం చేసి, ఒళ్లు ఆరాక క్రీము ఒకరి వీపుకు ఒకరు రాసుకోండి, లేదా తిన్నాక మాత్ర వేసుకోండి. గడిచిన మూడు రోజుల్లో వాడిన లుంగీలు, తువ్వాళ్లు, బనియన్లు, దుప్పట్లు, దిండు గలీబులు వేడి నీళ్లలో నానబెట్టి ఉతకండి. 50 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంటే పురుగు చస్తుంది. ఉతకలేని కంబళి, బూట్లు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటి నుంచి దిగాక పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. గదిలో పురుగుల మందు కొట్టాల్సిన పని లేదు. దాన్ని ఒంటికి పూసుకోవడం మరీ ప్రమాదం. తేదీ గోడ మీద రాసి, వారానికి రెండో విడత అందరూ కలిసే చేయండి.

తర్వాత ఏం జరుగుతుంది?

మందు వాడిన మర్నాడే దురద పోదు. పురుగు చచ్చినా దాని పెంకు, మలం చర్మంలో ఉంటాయి. వాటికి ఒళ్లు రెండు నుంచి నాలుగు వారాలు గొడవ చేస్తూనే ఉంటుంది. దీన్ని చూసి మందు పని చేయలేదని రోజూ క్రీము రాసుకుంటే చర్మం ఎండిపోయి దురద ఇంకా పెరుగుతుంది. దురదకు కాలమిన్ లోషన్, డాక్టర్ ఇచ్చే అలర్జీ మాత్ర చాలు. ఆ మాత్రల్లో కొన్ని నిద్ర తెస్తాయి, పనికి ముందు వేసుకోవద్దు. నాలుగు వారాలు దాటినా దురద ఉంటే, కొత్త పొక్కులు లేస్తుంటే, మళ్లీ డాక్టర్ దగ్గరకు పోవాలి.

షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములతో జాగ్రత్త. రాసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది. ఎరుపు తగ్గుతుంది, పురుగు మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. డాక్టర్ కూడా గుర్తుపట్టలేనంతగా జబ్బు రూపం మారిపోతుంది. వేపాకు నీళ్ల స్నానం హాయినివ్వొచ్చు, అది మందుకు బదులు కాదు. కిరోసిన్, బ్లీచింగ్ నీళ్లు ఒంటికి తగలనివ్వొద్దు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని పెద్దలు అన్నారు. ఇక్కడ గోరే గొడ్డలి అవుతుంది. గోకిన చోట పుండు పడి, చీము పట్టి, ఆ క్రిముల వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. పుండ్లు చీము పట్టినా, జ్వరం వచ్చినా, మొహం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

చివరగా రెండు మాటలు

ఇళ్లలో పని చేసే అక్కచెల్లెళ్లు కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది ఉన్నారు. ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకొని తిరిగేది, పక్కన పడుకోబెట్టేది వాళ్లే. పిల్లల నుంచి పనిమనిషికి అంటినా మాట పడేది పనిమనిషే. అక్కా, దాచిపెడితే నింద ఇంకా పెద్దదవుతుంది. ‘ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలని డాక్టర్ అంటున్నారు’ అని చెప్పండి. అది నిజం కూడా. మీ ఒక్కరికే మందు ఇస్తే మీకూ తగ్గదు, వాళ్లకూ తగ్గదు.

క్యాంపుల్లో అన్నలు కూడా క్యాంపు బాస్‌కు ఒంటరిగా చెప్పొద్దు. గదిలో అందరూ కలిసి చెప్పండి. ఒక్కడు చెబితే అతన్ని వేరు చేస్తారు. ఎనిమిది మంది చెబితే అది గది సమస్య అవుతుంది, దుప్పట్లు మార్చమని, వేడి నీళ్లు ఇవ్వమని, డాక్టర్‌ను పిలిపించమని అడగొచ్చు. ఒకరికి గజ్జి ఉందని అతని పళ్లెం పక్కకు పెట్టడం, బయట పడుకోమనడం మానేద్దాం. చేయి కలిపితే, పక్కన కూర్చుని అన్నం తింటే మామూలుగా అంటదు. చాలాసేపు ఒళ్లు ఒళ్లు తగిలితే, పక్కబట్టలు, తువ్వాళ్లు పంచుకుంటే అంటుతుంది.

రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద ఇంటికి పోతాం. ఎయిర్‌పోర్టులో పిల్లలు పరుగెత్తుకొచ్చి మెడకు వేలాడతారు. కాబట్టి టికెట్ చేతికి వచ్చిన రోజునే ఒళ్లు చూసుకోండి. గదిలో ఎవరికైనా దురద ఉంటే బయలుదేరే లోపల రెండు విడతలూ పూర్తయ్యేలా కనీసం రెండు వారాల ముందే మందు మొదలుపెట్టండి. అనుమానం ఉండిపోతే ఊళ్లో దిగగానే ఇంటిల్లిపాదీ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి.

ఈ మాటలు విన్నవాళ్లు గదికి వెళ్లాక మిగతావాళ్లకు చెప్పాలని కోరుతున్నాం. గది పేరు, మంది లెక్క, మందు వాడే తేదీ కాగితం మీద రాసి మా బృందానికి ఇవ్వండి. డాక్టర్ దగ్గరకు వెంట రావడానికి, రెండో విడత రోజు గుర్తు చేయడానికి మేము ఉన్నాం.